ఏ లంకమ్మా?

నది ఒడ్డున ఒక పెద్ద చావిడి ఉండేది. దానికి ఒకటే తలుపు.

తలుపు దగ్గర కూర్చున్నవాడు ఒకటే ప్రశ్న అడిగేవాడు. "పేరేంటి?" పేరు చెప్తే లోపలికి పోవచ్చు. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఎందుకొచ్చావు, ఇలాంటి గొడవలేమీ లేవు. లోపల వెయ్యి స్తంభాలు, లక్ష గొంతులు. ఎవరితోనైనా మాట్లాడాలంటే వాళ్ల పేరు పిలిస్తే చాలు. చావిడి దొర మనుషులు ఆ మాటను పట్టుకెళ్లి, ఎంత దూరంలో ఉన్నా సరే, వాళ్ల చెవిన వేసేవారు. ఇంత హాయి ఎక్కడైనా ఉంటుందా చెప్పండి! అందుకే ఊళ్లకు ఊళ్లు వచ్చి అందులో కూర్చున్నాయి.

అలా వచ్చినవాళ్లలో బుట్టలల్లే ఆవిడ ఒకతె. మొగుడు పోయాక ఇంట్లో ఒక్కతే ఉండలేక వచ్చింది. ఒక స్తంభానికి ఆనుకుని, వెదురు బద్దలు ఒళ్లో పెట్టుకుని, వచ్చేపోయే మాటలు వింటూ బుట్టలు అల్లుకునేది. నెల రోజులు ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. ఓ సాయంత్రం ఎవరితోనూ కాకుండా పైకే అనుకుంది. "ఒక్కదానికి ఏం వండుకుంటాంలే!"

ఆ మాట అక్కడా ఇక్కడా తిరిగి, చావిడి అవతలి కొసన ఎవరి చెవిలోనో పడింది. కాసేపటికి జవాబు వచ్చింది. "అదేం మాట వదినా! లేచి అన్నం వండుకో. నేను మళ్లీ అడుగుతా."

ఆ మాట అన్న మనిషి పేరు సూరాయమ్మ. ఆమె మొహం ఎలా ఉంటుందో ఈవిడ ఏనాడూ చూడలేదు. కానీ ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం అవతలి కొసనుంచి ఒకటే పలకరింపు వచ్చేది. "ఏం వదినా, అన్నం తిన్నావా?" "తిన్నాను, నువ్వో?" "నేనూ తిన్నాలే." అంతే మాట. అంతకు మించి కబుర్లు కూడా పెద్దగా ఉండేవి కావు.

అయినా ఆ ఒక్క మాట కోసం బుట్టలావిడ రోజూ పొయ్యి వెలిగించేది. అడిగే మనిషి ఉందని వండుకునేది. అడిగినప్పుడు లేదని చెప్పడం సిగ్గు కదా మరి. ఈ కథలో ఆవిడకు పోయేది ఏమైనా ఉందంటే అదొక్కటే. ఆ మాట ఉంటే తింటుంది, లేకపోతే తినదు.

కొన్నాళ్లకు చావిడి దొరకు కొత్త బుద్ధులు పుట్టాయి. మాటలు మోసే తన మనుషులకు చెప్పాడు. "కొట్లాట మాటయితే ముందు పట్టుకెళ్లండి, నలుగురూ పోగవుతారు. మంచీ చెడూ అడిగే మాటయితే ఆఖరున చూద్దాం." అక్కణ్ణుంచి చావిడి నిండా కేకలే. పక్క స్తంభం దగ్గర ఎవరు ఎవర్ని తిట్టారో క్షణంలో తెలిసేది. "అన్నం తిన్నావా వదినా" అన్న మాట మాత్రం మూడు రోజులకు వచ్చేది. మొన్నటి అన్నం సంగతి ఇవాళ అడిగితే ఏం జవాబు చెప్తాం?

జనం విసిగిపోయారు. ఒక్కొక్కరే లేచి, నదిలో ఉన్న లంకలకు పోవడం మొదలుపెట్టారు. ఓ రోజు సూరాయమ్మ మాట వచ్చింది. "వదినా, ఇక్కడ నావల్ల కావడంలేదు. లంకల్లోకి పోతున్నా. నువ్వూ వచ్చెయ్. వచ్చి నా పేరు పిలువు, పలుకుతా."

అదీ మూడు రోజులు ఆలస్యంగానే వచ్చింది. ఈవిడ తిరిగి పిలిచేసరికి అవతలి కొస ఖాళీ.

తప్పు ఎక్కడ జరిగిందో చూశారా? సూరాయమ్మ ఏ లంకకు పోతోందో చెప్పలేదు. చావిడికి అలవాటుపడ్డవాళ్లు తప్ప ఇంకెవరూ ఈ తప్పు చెయ్యరు. వాళ్లకు పేరుంటే చాలు, మనిషి దొరుకుతుంది. చోటు కూడా చెప్పాలని ఆమెకు తోచలేదు, అడగాలని ఈమెకు తోచలేదు.

ఎనిమిది రోజులు బుట్టలావిడ స్తంభానికి ఆనుకునే కూర్చుంది. పొయ్యి వెలగలేదు. తొమ్మిదో రోజు వెదురు బద్దల కట్ట చంకన పెట్టుకుని లేచింది. తలుపు దగ్గరివాడు అడ్డం నిలబడ్డాడు.

"పోతే పో. నువ్విక్కడ అన్న మాటలు, విన్న మాటలు మాత్రం ఇక్కడే ఉంటాయి. పట్టుకెళ్లడానికి వీల్లేదు."

"సూరాయమ్మ నన్ను అడిగినవి కూడానా?"

"అన్నీ."

 ఏం చేస్తుంది పాపం, ఆ మాటలు అక్కడే వదిలి బయటపడింది.

రేవుకు వచ్చి చూస్తే నదినిండా పడవలు. ఎర్రవి, నల్లవి, తెరచాప ఉన్నవి, లేనివి. గట్టుమీద ఒక బల్ల, దానిమీద నలుగురైదుగురు లంకల మనుషులు. కొత్తవాళ్లకు దారి చెప్పడానికి కూర్చున్నారు. ఎవరూ కూర్చోమనలేదు, వాళ్లంతట వాళ్లే. మంచివాళ్లు, అందులో అనుమానం లేదు. వాళ్లలో తాళ్లు పేనే పెద్దాయన మరీ మంచివాడు. చేతిలో నార ఆడుతుంటే నోరు కూడా ఆడుతూనే ఉండేది.

"రండమ్మా, రండి! చావిడి నుంచేనా? మంచి పని చేశారు. ఏ లంకమ్మా?"

"ఏ లంకేంటయ్యా? లంకల్లోకి."

"ఆయ్, లంకల్లోకే. అందులో ఏ లంక?"

"ఎన్నున్నాయి?"

"నిన్నటికి నాలుగొందల పైచిలుకు. ఇవాళ ఇంకో రెండు లేచి ఉంటాయి. ఒకటి మునిగింది కూడా అన్నారు."

బుట్టలావిడ నోరెళ్లబెట్టింది. "మరి మంచిదేదో మీరే చెప్పండి."

"ఏదైనా ఒకటే అమ్మా. అన్నీ ఒకే నది."

"ఏదైనా ఒకటే అయితే ఏదో ఒకటి చెప్పండి."

"అబ్బే! అది మాత్రం మేం చెప్పకూడదండి. ఎవరిది వాళ్లే ఎంచుకోవాలి. ఇక్కడ దొర లేడు. అదే దీని గొప్పతనం." పెద్దాయన ఉత్సాహంగా ముందుకు జరిగాడు. "అసలు ఈ పడవలు ఎలా కడతారో తెలుసాండి? పలకకూ పలకకూ మధ్యన నార కూరుతాం. ఏ లంక పడవైనా ఏ లంక రేవుకైనా కట్టుకోవచ్చు. ముడి ఒకటే. ఆ ముడి ఎలా వేస్తామంటే..."

పక్కనున్నవాడు అందుకున్నాడు. "ఆ ముడి పాతదయ్యా, కొత్తది వేరే ఉంది." ఇంకొకడు లేచాడు. "కొత్తది మీ లంకలోనే చెల్లుతుంది." ముగ్గురూ ముడి గురించి వాదులాటకు దిగారు. బుట్టలావిడకు తల గిర్రున తిరిగింది. ఆవిడ అడగాలనుకున్నది ఒకటే, సూరాయమ్మ ఎక్కడుందని. మధ్యలో దూరి అడిగింది కూడా.

"ఏ లంక సూరాయమ్మ?" అన్నారు ముగ్గురూ ఒకేసారి.

ఆవిడ ఇక వాళ్లను అడగడం మానేసింది. పోయి, దగ్గరగా ఉన్న పడవ ఎక్కేసింది.

ఆ లంకకు కంచె ఉంది. కంచె దగ్గరావిడ మర్యాదగానే మాట్లాడింది. "ఎందుకొచ్చారో తాటాకు మీద రాసివ్వండి. మావాళ్లు చూసి చెప్తారు. ఏమీ అనుకోకండి, చావిడిలో తిట్ల కోసమే బతికేవాళ్లు కొందరు ఇక్కడికీ వస్తున్నారు." బుట్టలావిడ రాసింది. "సూరాయమ్మ కోసం." రెండు రోజులు కంచె బయట కూర్చోబెట్టి, మూడో రోజు తాటాకు తిరిగిచ్చారు. "ఇది పద్యాలు కట్టుకునేవాళ్ల లంకమ్మా. మీరు రాసింది మాకు అర్థం కాలేదు."

రెండో లంకలో కంచె లేదు, అడిగినవాళ్లూ లేరు. దిగీ దిగగానే ఆవిడ లంక నడిమికి పోయి గొంతెత్తి పిలిచింది. "సూరాయమ్మా! సూరాయమ్మ వదినా!"

ఎవరూ పలకలేదు. చావిడిలో పేరు పిలిస్తే లక్షమందిని దాటుకుని పోయేది. ఇక్కడ ఆ పిలుపు లంక చివరిదాకా పోయి, ఇసుకలో ఇంకిపోయింది.

"అన్నం తిన్నావా అని అడగడానికి వచ్చానే!" అంది ఆవిడ ఏడుపు గొంతుతో.

పక్కన కొబ్బరాకు అల్లుకుంటున్నావిడ గబగబా వచ్చింది. "అమ్మా, అమ్మా! తిండి మాట అలా అనెయ్యకూడదు. మాలో ఉపవాసాలుండేవాళ్లు చాలామంది. తాటాకు మీద రాసి, పైన అరటాకు కప్పాలి. చూడాలనుకున్నవాళ్లే ఆకు తీసి చూస్తారు."

ఇదీ మంచికోసం పెట్టుకున్న పద్ధతే. కానీ ఆవిడ మనసు ఒప్పుకోలేదు. ఇన్నాళ్లూ తనను బతికించిన మాటకు ఇక్కడ ముసుగు వెయ్యాలట! సరే, రాసింది, ఆకు కప్పింది, రేవులో పెట్టింది. మర్నాడు చూస్తే అక్కడే ఉంది. రెండో రోజూ అక్కడే ఉంది. పడవ సరంగును నిలదీసింది.

"అవతలి లంకలో ఎవరో ఒకరు 'ఫలానావిడ మాట నాకు కావాలి' అని అడగాలి తల్లీ. అప్పుడే పడవ ఆ మాటను మోసుకెళ్తుంది. ఊరికే అందరి గుమ్మాల్లో పడేస్తే మళ్లీ చావిడి అయిపోదూ?"

"నేనిక్కడ ఉన్నానని తెలియనివాళ్లు నా మాట కావాలని ఎలా అడుగుతారయ్యా?"

సరంగు బుర్ర గోక్కున్నాడు. ఆ సంగతి అతనెప్పుడూ ఆలోచించలేదు. పుట్టినప్పటి నుంచి లంకలో ఉన్నవాడికి ఆ అవసరమేం వస్తుంది?

మూడో లంకవాళ్లు ఈవిడ రెండో లంకనుంచి వచ్చిందని తెలిసి పడవ కట్టనివ్వలేదు. ఆ రెండు లంకలకూ ఏదో పాత తగువు. నాలుగో లంకకు పోయేసరికి గుడిసెలున్నాయి గానీ మనుషుల్లేరు. పడవవాడు చెప్పాడు, ఆ లంకను చూసుకునే మనిషి ఒక్కడే ఉండేవాడట. అందరి చెత్తా ఎత్తి, అందరి తగువులూ తీర్చి, ఓ రోజు ఇక నావల్ల కాదని వెళ్లిపోయాడట. ఆయన వెనకే మిగతావాళ్లూ చెదిరిపోయారట.

కాళ్లు పీకుతుంటే బుట్టలావిడ మళ్లీ రేవుకే వచ్చి మెట్టుమీద కూలబడింది. ఇన్ని రోజుల్లో ఎవరో పెట్టిన అటుకులు రెండు గుప్పెళ్లు తిన్నదంతే. చావిడి గుర్తొచ్చింది. దొర ఎలాంటివాడైతేనేం, దానికి ఒకటే తలుపు. వెనక్కి పోదామని లేచింది కూడా.

సరిగ్గా అప్పుడే గట్టు దిగి ఒక వడ్రంగి వచ్చాడు. చేతిలో పనిముట్ల సంచి, మొహంనిండా దుమ్ము. తాళ్ల పెద్దాయన వెంటనే పలకరించాడు. "రండి బాబూ! ఏ లంక?" వడ్రంగి దిక్కులు చూశాడు. "ఏదైనా ఒకటే అనుకోండి," అని మొదలుపెట్టి పెద్దాయన పలక దగ్గరికీ, నార దగ్గరికీ, ముడి దగ్గరికీ వచ్చేశాడు. వడ్రంగి మొహంలో నెత్తురు చుక్క లేదు. పదిహేను రోజుల కిందట తన మొహం కూడా ఇలాగే ఉండి ఉంటుందని బుట్టలావిడకు తెలిసిపోయింది. ఏమీ అనుకోకుండానే నోటివెంట వచ్చేసింది.

"నాయనా, అన్నం తిన్నావా?"

వడ్రంగి సంచి కింద పడేసి, గట్టుమీదే కూర్చుని, చంటిపిల్లాడిలా ఏడ్చేశాడు.

అడిగాక పెట్టక తప్పదు కదా! బుట్టలావిడ మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేసింది. ఓ పడవలో బియ్యం అడిగింది, ఇంకో పడవలో నాలుగు వంకాయలు అడిగింది. లంకలవాళ్లు ఇవ్వడంలో మాత్రం ఎప్పుడూ చెయ్యి వెనక్కి తీసుకోరు. అతనికి పెట్టి, ఎన్నాళ్లకో తనూ ఇంత తిన్నది. చెయ్యి కడుక్కుంటూ అతనడిగాడు.

"ఇప్పుడు నేను ఏ లంకకు పోనక్కా?"

"ఏదైనా ఒకటే" అన్న మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. "నీ చేతిలో ఏం పనుంది?"

"చెక్కపని."

"అయితే పడవలు కట్టే లంకకు పో. అదిగో, ఆ ఎర్ర పడవ. నచ్చకపోతే వెనక్కి రా. ఏం మునిగిపోదు, ఇంకో పడవ ఎక్కుదువుగాని."

వెనక్కి రావచ్చని తనకు ఏ ఒక్కరూ చెప్పలేదు. చెప్పి ఉంటే సగం భయం అప్పుడే పోయేది. వడ్రంగి సంచి భుజాన వేసుకున్నాడు. ఆవిడకు సరంగు మాట గుర్తొచ్చింది.

"తమ్ముడూ, పోయాక ఒక్క పని చెయ్యి. రేవు దగ్గరి బుట్టలావిడ మాట నాకు కావాలని అక్కడి పడవవాళ్లకు చెప్పు. నేను రోజూ ఒక మాట రాసి పంపుతా. నువ్వడిగితే అది ఆ లంకదాకా వస్తుంది. మీ రేవులో అందరికీ కనబడేలా కట్టు. సూరాయమ్మ అనే ఆవిడ ఉంటే చూస్తుంది."

ఆ సాయంత్రం రాసింది. "సూరాయమ్మ వదినా, అన్నం తిన్నావా?" పైన అరటాకు కప్పి, దారంతో కట్టి, ఎర్ర పడవకిచ్చింది.

అప్పటి నుంచి ఆవిడ రేవులోనే ఒక పాక వేసుకుని ఉండిపోయింది. చావిడి నుంచి వచ్చినవాళ్లను ముందు అన్నం తిన్నావా అని అడిగేది. తిన్నాక చేతిలో ఏ పనుందో అడిగేది, తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా అనేది, ఏదో ఒక పడవ చూపించి, వడ్రంగికి చెప్పిన పనే వాళ్లకూ చెప్పేది. ఆవిడ చూపించిన పడవలన్నీ మంచివేం కాదు. చేపల కంపు పడనివాణ్ని జాలర్ల లంకకు పంపి తిట్లు కూడా తిన్నది. వాడు వెనక్కి వచ్చాడు, మళ్లీ అన్నం తిన్నాడు, ఇంకో పడవెక్కాడు.

తాళ్ల పెద్దాయనకు మనసు చిన్నబోయింది. ఓ రోజు వచ్చి అడిగేశాడు. "అమ్మా, మాకు చెప్పడం చేతకాక కాదండి. చావిడిలో అన్నీ దొరే చెప్పాడు కదా, ఇక్కడైనా మనిషి తనంతట తాను ఎంచుకోవాలని మా ఆశ."

"మీ ఆశ మంచిదే. కానీ ఎంచుకోడానికి తెలియాలి కదయ్యా! ఆకలితో వచ్చినవాణ్ని కూర్చోబెట్టి బియ్యంలో రకాలు చెప్పినట్టుంది మీ వరస."

పెద్దాయన గట్టిగా నవ్వాడు. నవ్వాక చాలాసేపు మాట్లాడలేదు. అది ఆయన విషయంలో చిన్న సంగతి కాదు.

నెలలు గడిచాయి. ఆవిడ మాట పది లంకలకు పోయింది, ముప్ఫై లంకలకు పోయింది. జవాబు రాలేదు. కొన్ని లంకల్లో సూరాయమ్మలు దొరికారు గానీ, ఒకామె మరీ చిన్నది, ఇంకొకామె చావిడి గడప తొక్కనేలేదు. రోజూ సాయంత్రం పడవలు వచ్చే వేళకు ఆవిడ గట్టుమీదికి పోయి నిలబడేది. ఉసూరుమంటూ తిరిగొచ్చేది.

ఈలోగా ఇంకో చిక్కు వచ్చిపడింది. తిన్నవాళ్లలో కొందరు పడవెక్కడం మానేశారు. "లంకలెందుకు? ఇక్కడే బాగుంది. పేరు పిలిస్తే పలుకుతున్నారు, అన్నం పెడుతున్నారు" అన్నారు. ఆవిడ పాక పక్కన ఇంకో పాక లేచింది, దాని పక్కన ఇంకోటి. వందమంది అయ్యారు. ఎవరికి ఏ సందేహం వచ్చినా, ఎవరికి ఎవరితో తగువొచ్చినా బుట్టలావిడ దగ్గరికే. ఆవిడ ఊ అంటే ఊ, కాదంటే కాదు. అబద్ధమెందుకు, అది ఆవిడకు కాస్త బాగానే ఉంది.

ఓ ఉదయం ఎర్ర పడవలో వడ్రంగి వచ్చాడు. ఇప్పుడతని మొహం నిగనిగలాడుతోంది. ఇద్దరు మనుషుల చేత ఒక టేకు తలుపు మోయించుకొచ్చాడు. నున్నగా చిత్రిక పట్టి, మడతబందులు కూడా బిగించి ఉంది.

"నీకోసమే చేశానక్కా. చుట్టూ గోడ కట్టేద్దాం, ఈ తలుపు పెడదాం. వచ్చినవాళ్ల పేరు నేనే అడుగుతా. చావిడి నుంచి వచ్చేవాళ్లు, లంకల్లో తికమకపడ్డవాళ్లు, అందరూ ఇక్కడికే వచ్చేస్తారు. అందరూ ఒక్కచోటే ఉంటే సూరాయమ్మ మాత్రం ఎక్కడికి పోతుంది? ఇవాళ కాకపోతే రేపు ఈ తలుపులోంచే వస్తుంది."

బుట్టలావిడకు ఆశ పుట్టింది. నిజమే కదా! నాలుగొందల లంకలు వెతికేకంటే ఇదెంత తేలిక! అందరూ ఒక గోడలోపల ఉంటే పేరు పిలిస్తే సరిపోతుంది. వెళ్లి తలుపుమీద చెయ్యి వేసింది. చల్లగా, నున్నగా ఉంది.

బల్లమీద నుంచి తాళ్ల పెద్దాయన, నార మీంచి కళ్లెత్తకుండానే, నెమ్మదిగా అన్నాడు. "చావిడి ఉన్న చోట ఒకప్పుడు చలివేంద్రం ఉండేదట అమ్మా. మా తాత చెప్పేవాడు. ఎండనపడి వచ్చినవాళ్లకు ఒకాయన మజ్జిగ పోసేవాడట. చాలా మంచివాడట."

ఆవిడ చెయ్యి తలుపుమీదే ఉంది. సూరాయమ్మ మాట చెవిలో ఆడుతోంది. ఆ మాట మళ్లీ వినడానికి ఇంతకంటే దగ్గర దారి లేదని ఆవిడకు తెలుసు. తలుపు తీసుకుంటే తానేమవుతుందో కూడా తెలుసు. 

చివరికి కళ్లు తుడుచుకుంది. "దీన్ని ఇటు పట్టుకురండి తమ్ముడూ."

గోడ కట్టే చోటికి కాదు, నీళ్ల దగ్గరికి పట్టించింది. అక్కడ మోకాలి లోతు బురద. పడవెక్కాలంటే ముసలివాళ్లూ పిల్లలూ అందులో దిగబడేవారు. ఆ తలుపును పడుకోబెట్టించింది, ఒక కొస గట్టుమీద, రెండో కొస పడవ అంచుమీద. ఎక్కి, అటూ ఇటూ నాలుగడుగులు నడిచి చూసింది.

"ఇక్కడ బాగుంది" అంది.

వడ్రంగి మొహం మాడిపోయింది. కాసేపు అలిగి కూర్చున్నాడు. తర్వాత తనే లేచి వచ్చి, మడతబందులు ఊడదీసి, కాలు జారకుండా తలుపుమీద అడ్డపట్టీలు కొట్టాడు. చేతిలో పనున్నవాడికి అలక ఎంతసేపుంటుంది!

పాకల్లోని వందమందినీ ఆవిడ ఒక్కొక్కరినే ఆ చెక్కమీంచి నడిపించింది. కొందరు బతిమాలారు, కొందరు తిట్టారు. "ఇంత అన్నం పెట్టి తరిమేస్తావా?" అన్నారు. "తరమడం లేదు. నచ్చకపోతే రండి, పొయ్యి ఇక్కడే ఉంటుంది" అంది. ప్రతివాళ్లకూ తన మాట కావాలని అడగమనే ఆ ఒక్క పనీ చెప్పింది. వాళ్లు దగ్గరి లంకలన్నీ నిండిపోయాయని దూరపు లంకలకు పోయారు. నది సముద్రంలో కలిసే దగ్గర ఏడు గుడిసెల లంక ఒకటుంటే, దానికి కూడా ముగ్గురు పోయారు. రేవు బోసిపోయింది. ఆ రోజు ఆవిడ బియ్యం కడగలేదు.

మర్నాడూ కడగలేదు. ఆ సాయంత్రం ఎప్పుడూ చూడని నల్లటి చిన్న పడవ ఒకటి వచ్చి చెక్కకు ఆనుకుంది. సరంగు అందించింది తీసుకుని తాళ్ల పెద్దాయన పాక దగ్గరికి వచ్చాడు.

"తిండి మాటేదో వచ్చిందమ్మా. ఆకు కప్పి ఉంది."

ఆవిడ దారం విప్పింది, అరటాకు తీసింది. తాటాకు మీద వంకర అక్షరాలు.

"నేను తిన్నాలే గానీ, నువ్వు తిన్నావా వదినా?"

ఇన్ని నెలల్లో ఆ రేవులో ఎంతమందిని అడిగిందో ఆవిడకే లెక్క లేదు. ఆవిడను అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. తాటాకును రొమ్ముకు అదుముకుని భోరున ఏడ్చింది. తాళ్ల పెద్దాయన ఏమిటి, ఎందుకు అని అడగలేదు. నార కింద పెట్టి, తనే పొయ్యి రాజేశాడు. అన్నం కాస్త పలుకుగా దింపాడు, ఉప్పు మరిచిపోయాడు. ఆవిడ అంతా తిన్నది.

పొద్దున్నే బుట్టలావిడ వెదురు బద్దల కట్ట చంకన పెట్టుకుని వచ్చింది. పాత అలవాటుకొద్దీ పెద్దాయన నోరు జారాడు.

"ఏ లంకమ్మా?"

"సూరాయమ్మ లంక."

ఆయన తలూపాడు. ఆవిడ చెక్కమీద నడిచి నల్లపడవ ఎక్కి కూర్చుంది. సరంగు గడ వేశాడు. అప్పుడే గట్టు దిగి ఎవరో కొత్త మనిషి వస్తున్నాడు. చంకలో మూట, దిక్కులు చూసే కళ్లు. పెద్దాయన "ఏ..." అని మొదలుపెట్టి, ఆగి, గొంతు సవరించుకున్నాడు.

"బాబూ, అన్నం తిన్నావా?"

పడవలో ఉన్నావిడకు ఆ మాట వినబడింది. నవ్వొచ్చింది, కంట్లో నీళ్లూ వచ్చాయి. పడవ ప్రవాహంలో పడి మలుపు తిరగబోతుండగా, మరిచిపోయినదేదో గుర్తొచ్చినట్టు లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని గట్టుకు వినబడేలా కేకేసింది.

"అయ్యా! ఆ చెక్కను మాత్రం ఎప్పుడూ నిలబెట్టకండి!"